విద్యార్థుల చేతులతో ఊరి భవనం: పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మట్టి ఇటుకల గది కట్టే పద్ధతి

ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఒక ఊరికి కావలసిన గదిని తామే గీసి, తామే కట్టి అప్పగించాలనుకుంటే మొదట తేల్చుకోవలసింది ఒక్కటే: ఒక విద్యా సంవత్సరంలో పైకప్పుతో సహా ఎంత పూర్తి చేయగలం? పెద్దది గీసి కిటికీ పైమట్టం దగ్గర వదిలేస్తే ఊరికి మిగిలేది మొండిగోడలే. ఆ తర్వాత వచ్చే బ్యాచ్‌ను ఆ ఊరు నమ్మదు. కాబట్టి చిన్నది గీయండి. ఈ మార్గదర్శి అంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది: లోపల 7.5 మీటర్ల పొడవు, 4.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఒక గది, దానికి తూర్పున ఒక అరుగు. మహిళా సంఘం సమావేశాలకు, పగలు పిల్లల చదువుకు సరిపోతుంది. 20 నుంచి 24 మంది విద్యార్థులు, ఇద్దరు సుతారి మేస్త్రీలు, ఒక సెంట్రింగ్ మేస్త్రీ ఉంటే అయిదు నెలల్లో పూర్తవుతుంది.

ముందు క్యాలెండర్

ఈ ప్రాంతంలో ఏడాది వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎండాకాలం 44 డిగ్రీలు దాటుతుంది. ఈ రెండింటి మధ్య పని జరగాలి.

జూలై, ఆగస్టుల్లో స్థలం చూడండి. వాన పడుతుండగా చూస్తేనే నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తున్నాయో తెలుస్తుంది. జనవరిలో చూసిన స్థలం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మట్టి పరీక్షలు, ఊరివాళ్లతో సమావేశాలు. నవంబరులో డ్రాయింగులు, అనుమతులు. డిసెంబరులో ఇటుకలు. సంక్రాంతి దాటగానే పునాది, ఫిబ్రవరిలో గోడలు, మార్చిలో పైకప్పు, ఏప్రిల్‌లో నేల, తలుపులు. మే నెలను ఖాళీగా ఉంచుకోండి. ఎక్కడో ఒకచోట మూడు వారాలు జారిపోతాయి, అవి మేలోకి వస్తాయి.

ఊరి పనుల లెక్క కూడా చూసుకోవాలి. పత్తి ఏరే రోజుల్లో, యాసంగి నాట్ల సమయంలో కూలీలు దొరకరు, ఆడవాళ్లు సమావేశానికి రాలేరు. ఇటుకలు ఒత్తే పని డిసెంబరులో పెట్టమన్నది అందుకే. అది విద్యార్థులు పూర్తిగా తమ చేతులతో చేయగల పని.

స్థలం, కాగితాలు

గ్రామకంఠంలో (ఊరి నివాసాలకు కేటాయించిన స్థలంలో) ఉన్న భూమి అయితే పని తేలిక. శిఖం భూమి (చెరువు గర్భంలోది), చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) లోపలి భూమి ఎంత ఖాళీగా కనిపించినా వద్దు. "ఇది ఊరిదే" అన్న మాట చాలదు. పంచాయతీ కార్యదర్శి దగ్గర రికార్డు చూసి, మండల సర్వేయర్‌తో హద్దులు వేయించి, గ్రామసభలో తీర్మానం రాయించుకోండి. తీర్మానంలో నాలుగు విషయాలు విడివిడిగా ఉండాలి: భవనం ఎవరి పేరు మీద ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మరమ్మతులు ఎవరి బాధ్యత. ఇవి కట్టాక మాట్లాడుకుందామంటే గది తాళంతోనే ఉండిపోతుంది.

స్థలం ఏ వాడలో ఉందన్నది ఇంకా ముఖ్యం. ఒక వాడ నడిమధ్యలో కడితే మరో వాడ ఆడవాళ్లు అక్కడికి రాకపోవచ్చు. ఈ సంగతి గ్రామసభలో ఎవరూ చెప్పరు. ఒక్కో వాడలో సాయంత్రం విడిగా కూర్చుని "అక్కా, మీరు ఆ జాగకు వస్తారా?" అని అడిగితేనే బయటపడుతుంది. బడి పక్కన, బస్సు ఆగే చోట, నీళ్ల ట్యాంకు దగ్గర ఉన్న స్థలాలు అందరివిగా ఉంటాయి.

పేపరు మీద ప్లాన్ చూపించి అభిప్రాయం అడగకండి. చాలామంది మర్యాదకు బాగుందంటారు. స్థలంలోనే ముగ్గుపిండితో గదిని అసలు కొలతల్లో గీసి, సంఘం సభ్యులను అందులో కూర్చోమనండి. చెప్పులు ఎక్కడ విడుస్తారు, చంటిపిల్లను ఎక్కడ పడుకోబెడతారు, లెక్కల పుస్తకాల బీరువా ఎక్కడ పెడతారు అన్నవన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి. దర్వాజ ఏ దిక్కున ఉండాలన్న వాస్తు మాట కూడా అప్పుడే వస్తుంది. దాన్ని ముందే వినండి, గోడ లేచాక వింటే ఖర్చు.

స్ట్రక్చర్ డ్రాయింగుల మీద అర్హత ఉన్న ఇంజనీర్ సంతకం తప్పనిసరి. విద్యార్థుల లెక్క ఎంత సరిగ్గా ఉన్నా దాన్ని మరొకరు చూసి బాధ్యత తీసుకోవాలి. పాల్గొనే అందరికీ ప్రమాద బీమా కాలేజీ చేత చేయించండి.

గదిని ఎటు తిప్పాలి

పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండాలి. పడమటి గోడకు కిటికీ వద్దు. మధ్యాహ్నం ఎండ, వడగాలి అటునుంచే కొడతాయి. అటువైపు ఒక కానుగ, ఒక వేప నాటండి. అరుగు తూర్పున ఉంటే సాయంత్రం సంఘం కూర్చునే వేళకు గది నీడ దాని మీద పడుతుంది. ఉత్తర, దక్షిణ గోడల్లో ఎదురెదురుగా 1.2 మీటర్ల చదరం కిటికీలు రెండేసి, వాటి పైన ఇటుక జాలీలు పెడితే వేడిగాలి పైనుంచి పోతుంది. చూరు అన్నివైపులా 600 మిల్లీమీటర్లు బయటికి రావాలి. మట్టి గోడకు వానను తప్పించేది అదే.

మట్టిని చదవడం

ఈ జిల్లాల్లో ఎర్ర చెలక నేలలు, నల్లరేగడి పక్కపక్కనే ఉంటాయి. అర కిలోమీటరు దూరంలో మట్టి మారిపోతుంది. ఇటుకకు పనికొచ్చేది ఎర్రమట్టి, లేదా మొరం కలిసిన చెలక మట్టి. నల్లరేగడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండి బీటలు వారుతుంది, సిమెంటుకు లొంగదు. చెరువు పూడిక మట్టి ఉచితంగా దొరుకుతుందని తెచ్చుకుంటారు. అది పొలానికి బంగారం, ఇటుకకు పనికిరాదు.

పైన ఒకటిన్నర అడుగు మట్టిలో వేర్లు, ఎరువు ఉంటాయి. దాన్ని పక్కన పోసి కింది మట్టి తీసుకోండి. ఒక్కో చోట ఈ మూడు పరీక్షలు చేయాలి.

1. సీసా పరీక్ష. వెడల్పు మూతి గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కలిపి కదలకుండా ఉంచండి. ఇసుక నిమిషంలో కిందికి చేరుతుంది, ఒండ్రు అరగంటలో, బంక మర్నాటికి. పొరలు కొలవండి. ఇసుక 65 శాతం పైన, బంక 10 నుంచి 15 శాతం ఉంటే మంచి మట్టి. ఇసుక తక్కువైతే క్వారీ రాతిపొడి కలిపి మళ్లీ చూడండి.

2. కుంచించుకునే పరీక్ష. 60 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల లోతున్న చెక్కపెట్టెకు లోపల నూనె రాసి, తడి మట్టి గట్టిగా కూరి, మూడు రోజులు ఎండలో లేదా వారం నీడలో ఆరబెట్టండి. మట్టిని ఒక చివరికి నెట్టి ఖాళీ కొలవండి. 15 మిల్లీమీటర్ల లోపు ఉంటే 18 పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు చాలు. 15 నుంచి 30 అయితే 16 పాళ్లకు ఒకటి, 30 నుంచి 45 అయితే 14కు ఒకటి. 45 దాటితే ఆ మట్టి వదిలేసి వేరే చోటు చూడండి.

3. ముద్ద పరీక్ష. ఇది రోజూ చేయాలి. తడిపిన మట్టిని పిడికిట ముద్ద చేసి, భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు పెళ్లలుగా పగిలితే తడి సరిపోయింది. పొడిగా చెదిరితే నీళ్లు చాలలేదు. అప్పచ్చిలా అతుక్కుంటే ఎక్కువైంది.

ఇటుకలు: 3000

గోడల మధ్యరేఖ చుట్టుకొలత దాదాపు 24.8 మీటర్లు. మూడు మీటర్ల ఎత్తుకు 74 చదరపు మీటర్లు. దర్వాజ, కిటికీలు, జాలీల కోసం 9 తీసేస్తే 65. ఇటుక కొలత 230 × 190 × 100 మిల్లీమీటర్లు, సందు 12 మిల్లీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు 37 పడతాయి. గోడలకు 2400, అరుగు స్తంభాలకు, కూర్చునే తిన్నెకు 400, విరిగేవాటికి 200. మొత్తం 3000.

చేత్తో ఒత్తే మిషన్ చాలు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రూపుదిద్దుకున్న మర్దిని తరహా ప్రెస్ ఇలాంటి పనికి సరిగ్గా సరిపోతుంది. కొనకుండా అద్దెకో, మరో కాలేజీ నుంచి అరువుకో తెచ్చుకోండి. ఒక మిషన్ మీద ఎనిమిది మంది కావాలి: జల్లించడానికి ఇద్దరు, కలపడానికి ఇద్దరు, తూకానికి ఒకరు, లీవరు మీద ఇద్దరు, ఇటుక మోయడానికి ఒకరు. అలవాటైన జట్టు రోజుకు ఇంకా ఎక్కువ తీస్తుంది గానీ విద్యార్థులకు 250 లెక్క వేసుకోండి, అంటే పన్నెండు పని దినాలు. సిమెంటు బస్తాకు సుమారు 90 ఇటుకలు వస్తాయి, 33 నుంచి 35 బస్తాలు పడతాయి. మట్టి 22 టన్నులు. జల్లెడలో వృథాగా మిగిలేది కలిపి ఎనిమిది ట్రాక్టర్ ట్రిప్పులు. తవ్వకానికి అనుమతి సంగతి తహసీల్దారు కార్యాలయంలో ముందే అడగండి.

పద్ధతి ఇది. 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన పొడి మట్టిలో సిమెంటు వేసి రంగు ఒకటయ్యేదాకా పొడిగానే తిరగేయాలి. ఆ తర్వాత పూలడబ్బాతో నీళ్లు చిలకరించాలి. బకెట్‌తో పోస్తే ఉండలు కడుతుంది. అరగంటలో ఒత్తగలిగినంతే కలపండి, మిగిలిన తడి మట్టిని మధ్యాహ్నం మళ్లీ వాడకండి. ప్రతి ఇటుకకూ 8.5 కిలోల తడి మట్టిని తూకం వేసే పోయాలి. ఇక్కడే అందరూ ఓపిక తప్పి పారతో అంచనాగా పోస్తారు. ఇటుకల బలం ఒక్కోటి ఒక్కోలా ఉండటానికి మొదటి కారణం అదే.

అంచులు రాలుతుంటే తడి చాలలేదు, లేదా బంక తక్కువ. పెట్టెకు అంటుకుంటుంటే తడి ఎక్కువ. పక్కల్లో అడ్డంగా పొరల్లా చీలికలు వస్తే మట్టి ఎక్కువ కూరారు. తీసిన ఇటుకను అదే రోజు నీడలో ఒక వరుస పేర్చి, మర్నాటి నుంచి అయిదు వరుసల దాకా పెంచి, గోనెసంచులు కప్పి 21 రోజులు తడపాలి. డిసెంబరు చలికి తడి ఆరదని వదిలేయకండి. ఆ నెలలో గాలి పొడిగానే ఉంటుంది. నెల నిండాక ప్రతి 500లో అయిదింటిని ఒక రోజు నీళ్లలో నానబెట్టి తూచండి. బరువు 15 శాతం కన్నా పెరగకూడదు, గోరుతో గీస్తే మట్టి రాకూడదు. కాలేజీ ల్యాబ్‌లో తడి ఇటుక చదరపు మిల్లీమీటరుకు 3 న్యూటన్లు తట్టుకోవాలి. తట్టుకోని దొంతి ఇటుకలను గోడకు వాడకుండా తిన్నెకు మళ్లించండి.

పునాది

ఎర్రనేలలో 600 మిల్లీమీటర్ల వెడల్పు, 750 లోతు కందకం, లేదా గట్టి మొరం తగిలేదాకా. అడుగున 100 మిల్లీమీటర్ల కాంక్రీటు, ఆపైన గ్రానైటు సైజు రాయి. రాయి ఇక్కడ ఎక్కడైనా దొరుకుతుంది. నేల మీద 600 ఎత్తు బేస్‌మట్టం 450 వెడల్పుతో రాతిదే ఉంచండి. మొత్తం 16 ఘనపు మీటర్ల రాతి కట్టడం. రాయి కొట్టి, మూల చూసి పేర్చే పని విద్యార్థులకు వారంలో రాదు. వడ్డెర మేస్త్రీలను పెట్టుకుని వాళ్ల దగ్గర నేర్చుకోండి. దేశంలో ఎన్నో ఆనకట్టల మీద పనిచేసిన పాలమూరు వలస కూలీల ఊళ్లు ఇవి. మీరు వెళ్లిన ఊళ్లోనే మీ పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ తెలిసినవారు ఉంటారు. వాళ్లకు పూర్తి కూలి ఇవ్వండి. "విద్యార్థుల పని కదా" అని తగ్గించమని అడగడం తగదు.

కందకంలో నల్లరేగడి తగిలితే మొరం దాకా దిగాలి. 1.2 మీటర్లకూ మొరం రాకపోతే స్థలం మార్చడమే మేలు. ఉబ్బే నేల మీద ఒంటి అంతస్తు తేలిక గది ముందుగా పగులుతుంది, ఎందుకంటే దాన్ని అదిమి ఉంచేంత బరువు పైన ఉండదు.

బేస్‌మట్టం పైన నాలుగు గోడలూ చుట్టి వచ్చేలా 75 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టీ వేయాలి. 10 మిల్లీమీటర్ల కడ్డీలు రెండు, 150కి ఒక రింగు. కిటికీల పైమట్టంలో ఇలాంటిదే ఇంకొకటి. చెదలు పైకి రాకుండా రాయి, పట్టీ కలిసి అడ్డుకుంటాయి.

గోడ

మాలు, అంటే ఇటుకల మధ్య సందుల్లో పెట్టే తడి మిశ్రమం, ఈ పాళ్లలో కలపండి: సున్నం ఒకటి, సిమెంటు ఒకటి, ఇసుక ఆరు. లేదా సున్నం బదులు జల్లించిన అదే ఎర్రమట్టి ఒక పాలు. కేవలం సిమెంటు మాలు వద్దు. మాలు ఇటుక కన్నా గట్టిదైతే పగులు ఇటుకల గుండా పోతుంది; మెత్తనిదైతే సందులో ఆగుతుంది, పూడ్చుకోవచ్చు. సిమెంటు 12 బస్తాలు చాలు. ఇటుకను పెట్టే ముందు ఒక్కసారి ముంచి తీయండి. రోజుకు ఎనిమిది వరుసలకు మించి లేపకండి. మూలలు మేస్త్రీ లేపుతాడు, మధ్యలో దారం కట్టి విద్యార్థులు పేరుస్తారు. ప్రతి మూడో వరుసకు తూకం గుండు వేసి చూడాలి.

పైకప్పు మధ్య దూలం కూర్చునే చోట రెండు గోడల్లోనూ 460 పొడవు, 150 మందం కాంక్రీటు దిమ్మె పెట్టండి. ఇది మరిచిపోతే దూలం కింద మెట్లమెట్లుగా పగులు దిగుతుంది.

డబ్బు విషయంలో ఒక నియమం: పైకప్పుకు కావలసిన కడ్డీ, సిమెంటు, సెంట్రింగ్ డబ్బు చేతికి రానిదే గోడను కిటికీ అడుగుమట్టం దాటించవద్దు. అక్కడ ఆగిన గోడను కప్పి కాపాడవచ్చు, మూడు మీటర్ల గోడను కాపాడలేరు.

పైకప్పు

ఎంచుకున్నది పెంకులు పొదిగిన కాంక్రీటు స్లాబు. లారీ బేకర్ కేరళలో విస్తారంగా వాడి చూపించిన పద్ధతి. కూల్చే పాత ఇళ్ల బెంగుళూరు పెంకులు చౌకగా దొరుకుతాయి. రెండు పెంకులు బోర్లా, వెల్లకిలా జతచేస్తే మధ్యలో గాలి నిలిచి వేడి తగ్గుతుంది. కాంక్రీటు 30 శాతం ఆదా అని చెప్పుకుంటారు గానీ మీ డ్రాయింగు మీద లెక్కవేసి చూడండి. ఈ గదిలో 180 జతలు పడతాయి, ఒక్కో జత నాలుగైదు లీటర్ల కాంక్రీటు స్థలం తీసుకుంటుంది, అంటే ఆదా 0.8 ఘనపు మీటరు, పదో వంతు పైచిలుకు. అసలు లాభం బరువులో, వేడిలో.

ఇంజనీర్ ఇచ్చిన మందం, 125 మిల్లీమీటర్లు అనుకుందాం, సెంట్రింగ్ మీద సుద్దతో ముందే గీయండి. పెంకుల వరుసల మధ్య 100 మిల్లీమీటర్ల పట్టీలు, అందులో కడ్డీలు. గోడకు, దూలానికి ఆనుకుని 300 మిల్లీమీటర్ల మేర పెంకులు పెట్టకూడదు. ఫ్యాను పెట్టెలు పట్టీలు కలిసే చోటే రావాలి. ఫ్యాను పెట్టె పెంకు కిందికి వస్తే ఫ్యానును మోసేది ఏదీ ఉండదు. పోసే ముందు రాత్రి పెంకులను నీళ్లతో తడపండి, లేకపోతే కాంక్రీటులో నీటిని అవి పీల్చేస్తాయి.

చూరు దగ్గర ప్రధాన కడ్డీ పైన ఉండాలి. కాంక్రీటు పోసేవాళ్లు దాని మీద నడిచి కిందికి తొక్కేస్తారు. సెంట్రింగ్ తీసిన రోజు చూరు వంగుతుంది, కొన్నిసార్లు విరిగి పడుతుంది. కడ్డీ కుర్చీలు (పై కడ్డీని ఎత్తి పట్టే వంచిన కడ్డీ ముక్కలు) అడుగున్నరకు ఒకటి కట్టి, నడవడానికి పలకలు వేసి, ఒక విద్యార్థిని ఆ పని మీదే నిలబెట్టండి.

మొత్తం సుమారు 6 ఘనపు మీటర్ల కాంక్రీటు, 50 బస్తాల సిమెంటు. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి పది లోపు ముగించాలి. బస్తాకు నీళ్లు 25 లీటర్లు దాటకూడదు. జారుడుగా ఉంటే పని తేలికని మేస్త్రీలు నీళ్లు పెంచుతారు, ఆ డబ్బా మీద మీ మనిషి ఉండాలి. సాయంత్రానికి మడులు కట్టి 14 రోజులు నీళ్లు నిలపండి. దూలం కింద గుంజలను 21 రోజుల తర్వాతే తీయండి.

ఈ గదికి సిమెంటు మొత్తం 140 బస్తాల పైచిలుకు. అందులో సగానికి మించి స్లాబు, రాతి పునాదులే తింటాయి. మట్టి ఇటుక వాడగానే భవనం పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు. ఆదా కావాలంటే పునాది మాలులో సున్నం వాటా పెంచడం, గది వెడల్పు తగ్గించి స్లాబు మందం తగ్గించడం గురించి ఆలోచించండి.

స్లాబు పైన వాలు నూటికి ఒకటి, తెల్లటి పగిలిన టైల్స్ పొర. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. పంచాయతీకి పంపే కాగితాల్లో ఈ మాట రాయండి.

నీళ్లు, నేల

చూరుతో కలిపి పైకప్పు 55 చదరపు మీటర్లు. 600 మిల్లీమీటర్ల వానలో అయిదో వంతు పోయినా ఏడాదికి 26,000 లీటర్లు దిగుతుంది. 5000 లీటర్ల ట్యాంకు పెట్టండి. మొదటి వానతో వచ్చే దుమ్ము నీళ్లు 100 లీటర్లు విడిగా పోయేలా కింద మూత ఉన్న పైపు బిగించండి. నల్లగొండలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. వాననీటిలో ఆ బాధ ఉండదు, కానీ పక్షి రెట్టలు, ఆకులు ఉంటాయి. తాగడానికైతే పరీక్ష చేయించి కాచి వడగట్టాలి. లేదంటే చేతులు కడగడానికి, చెట్లకు.

నేలకు తాండూరు బండలు, 48 చదరపు మీటర్లు. వాటి కింద దిమ్మిస చేసిన మొరం. అది సున్నపురాయి జాతి కాబట్టి యాసిడ్ పోసి కడగకూడదు. గది చుట్టూ మీటరు వెడల్పున బండలు వాలుగా పరిస్తే పునాది దగ్గర నీళ్లు నిలవవు.

జట్లు, భద్రత

పని వేళలు పొద్దున ఆరు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. అమ్మాయిలకు మరుగుదొడ్డి, బస ముందే ఏర్పాటు కాకపోతే పని మొదలుపెట్టవద్దు. జట్లు వారానికోసారి మారాలి, లెక్కల జట్టు మాత్రం మారకూడదు. ప్రతి బిల్లు ఫొటో, ప్రతి రోజు ఇటుకల సంఖ్య, వాడిన సిమెంటు ఒకే పుస్తకంలో ఉండాలి, ఆ పుస్తకం ఊరివాళ్లు ఎప్పుడడిగినా చూపాలి.

అప్పగింత

50 ఇటుకలు, 30 పెంకులు, ఒక కిటికీ గడియ జత గది మూల వదిలి వెళ్లండి. కరెంటు పైపులు, దూలం, నీటి పైపుల దారి చూపే డ్రాయింగును తెలుగులో పెద్ద అక్షరాలతో గోడకు బిగించండి. ఏటా మే చివర పైకప్పు ఊడ్చడం, ట్యాంకు కడగడం ఎవరి పనో ఆ కాగితం మీదే పేరుతో రాయించండి. మొదటి వానాకాలం అయ్యాక సెప్టెంబరులో వెళ్లి గోడ అడుగున, జాలీల కింద తడి మరకలు చూడండి. సందుల్లో మాలు రాలితే సున్నంతో పూడ్చండి. మరుసటి ఏప్రిల్‌లో గది లోపల ఒకటి, అరుగు మీద ఒకటి, పక్కనున్న మామూలు స్లాబు గదిలో ఒకటి గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకాలు వేలాడదీసి, పదిహేను రోజుల అంకెలు రాసే పని తర్వాతి బ్యాచ్‌కు ఇవ్వండి.